డార్క్ మ్యాటర్ మామూలు పదార్థానికీ, యాంటీమ్యాటర్‌కీ ఎలా తగలొచ్చో కాగితం మీద లెక్కేసుకోవడం ఎలా

డార్క్ మ్యాటర్ అంటే కంటికి కనపడకుండా గురుత్వాకర్షణతో మాత్రమే తన ఉనికి తెలిపే పదార్థం. దాని మీద ఏ వార్త వచ్చినా నన్ను అడిగేవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే. అది మన ఒంట్లోంచి పోతోందా, పోతే మనకి తెలీట్లేదేంటి, యాంటీమ్యాటర్‌కి తగిలితే పేలుతుందా, అసలు డార్క్ మ్యాటర్ యాంటీమ్యాటర్ రెండూ ఒకటేనా. ఎవరో చెప్తే విని ఊరుకోవడం కంటే ఒక కాగితం, పెన్ను, ఫోన్లో కాలిక్యులేటర్ పెట్టుకుని వీటిలో చాలావాటికి మనమే జవాబు రాబట్టుకోవచ్చు, స్కూల్లో చదివిన ఫిజిక్స్ గుర్తుంటే చాలు. డార్క్ మ్యాటర్ కణాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు, నిజమే. కానీ కణం బరువు ఇంత, మధ్యలో పనిచేసే బలం ఫలానాది అని ఒకసారి అనుకున్నామంటే ఏం కనపడాలి, ఏడాదికి ఎన్నిసార్లు కనపడాలి అనేది లెక్కలో వచ్చి తీరుతుంది, అక్కడ ఎవరి ఇష్టం ఏమీ ఉండదు. కాబట్టి ఎవరు ఏం చెప్పినా ముందు బరువు అడగండి, తర్వాత అది కణంలా గుద్దుతోందా లేక అలలా ఊపుతోందా అని అడగండి. యాంటీమ్యాటర్ విషయంలో ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న, ఎందుకో చివరికి తెలుస్తుంది.

ముందు ఆ ఒకటేనా అనే అనుమానం తీర్చేసుకుందాం, అది ఉంటే మిగతాదంతా తప్పుగా అర్థమవుతుంది. యాంటీమ్యాటర్ మనకి బాగా తెలిసిన సరుకు. 1928లో డిరాక్ సమీకరణంలో తేలింది, 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ని కాస్మిక్ కిరణాల్లో చూశాడు, 1955లో బర్క్‌లీలో యాంటీప్రోటాన్ దొరికింది. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రానే, బరువు అంతే, చార్జ్ ఒక్కటి తిరగబడింది. చార్జ్ ఉందంటే వెలుతురుతో సంబంధం ఉన్నట్టే కదా, 2016లో యూరప్‌లోని కణ భౌతిక ప్రయోగశాల అయిన సెర్న్‌లో ఆల్ఫా టీమ్ ఒక యాంటీప్రోటాన్, ఒక పాజిట్రాన్‌తో కట్టిన యాంటీహైడ్రోజన్ మీద లేజర్ వేసి చూస్తే మామూలు హైడ్రోజన్ ఏ రంగుకి స్పందిస్తుందో అదే రంగుకి స్పందించింది. అంటే యాంటీమ్యాటర్‌తో చేసిన నక్షత్రం ఉంటే అది మామూలు నక్షత్రంలా వెలుగుతుంది. డార్క్ మ్యాటర్‌కి ఆ గుణమే లేదు, వెలుతురు ఇవ్వదు, మింగదు, అడ్డుకోదు. పైగా మన గెలాక్సీ చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్ అంతా యాంటీమ్యాటరే అయ్యుంటే గెలాక్సీలోని గ్యాస్‌కి తగిలిన ప్రతిచోటా గామా కిరణాలు చిమ్మేవి, ఆకాశం మొత్తం ఆ వెలుగుతో నిండిపోయేది. అలా లేదు.

ఇక పేలుడు సంగతి. చాలామంది మనసులో ఉన్న రూల్ ఏంటంటే యాంటీమ్యాటర్ దేనికి తగిలినా రెండూ మాయమైపోతాయి అని. ఆ రూల్ తప్పు. ఒక కణం మాయమయ్యేది తన సొంత జోడీతోనే, ఎలక్ట్రాన్ అయితే పాజిట్రాన్‌తో, ప్రోటాన్ అయితే యాంటీప్రోటాన్‌తో (ప్రోటాన్‌లో, న్యూట్రాన్‌లో ఉండే క్వార్కులు ఒకటే రకం కాబట్టి న్యూట్రాన్ కూడా యాంటీప్రోటాన్‌తో మాయమవుతుంది). దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ మ్యూయోనియం. యాంటీమ్యూయాన్ అనే కణం ఉంది, పాజిటివ్ చార్జ్, ఎలక్ట్రాన్ కంటే దాదాపు 207 రెట్లు బరువు, అచ్చంగా యాంటీమ్యాటర్. దాని చుట్టూ ఒక మామూలు ఎలక్ట్రాన్ చేరి హైడ్రోజన్ లాంటి చిన్న పరమాణువు కడుతుంది, ల్యాబుల్లో దీన్ని మామూలుగా తయారుచేస్తారు, దాని స్పెక్ట్రమ్ కూడా కొలుస్తారు. మ్యాటర్, యాంటీమ్యాటర్ ఒకదాని పక్కన ఒకటి, ఒకే పరమాణువులో, అయినా పేలుడు లేదు. సగటున 2.2 మైక్రోసెకన్లకి మ్యూయాన్ తనంతట తాను విరిగిపోతుంది, దాని ఆయుష్షే అంత, అందుకే ఆ పరమాణువు పోతుంది తప్ప ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమై కాదు. కాబట్టి డార్క్ మ్యాటర్ కణం వచ్చి యాంటీప్రోటాన్‌కి తగిలితే పేలాలని ఏమీ లేదు, అవి జోడీ కాదు. డార్క్ మ్యాటర్ మాయమవ్వాలంటే దాని సొంత యాంటీకణం కావాలి. అది రెండు రకాలుగా ఉండొచ్చు. ఫోటాన్ లాగా తనకి తానే యాంటీకణం అయితే రెండు డార్క్ మ్యాటర్ కణాలు ఎదురుపడితే చాలు. లేదూ మన ప్రోటాన్ల లాగా యాంటీ వైపు ఎప్పుడో ఖాళీ అయిపోయి ఒక వైపే మిగిలిందనుకుంటే ఇప్పుడు మాయమవ్వడానికి జోడీయే లేదు. ఈ రెండో ఆలోచనలో ఒక చక్కటి లెక్క ఉంది, విశ్వంలో డార్క్ మ్యాటర్ సుమారు 27 శాతం, మామూలు పదార్థం 5 శాతం, అంటే ఐదు రెట్లు, మిగిలిన కణాల సంఖ్య రెండిట్లోనూ ఒకటే అనుకుంటే ఒక్కో డార్క్ మ్యాటర్ కణం ప్రోటాన్ కంటే ఐదు రెట్లు బరువు ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు కాగితం తీయండి. మొదటి పని మన చుట్టూ ఎంత ఉందో చూడటం. గెలాక్సీ తిరిగే వేగాల నుంచి మన దగ్గర డార్క్ మ్యాటర్ సాంద్రత ఘన సెంటీమీటర్‌కి సుమారు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు అని వస్తుంది, కొందరు 0.4 వాడతారు, మనకి 0.3 చాలు. గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ని ఇకమీద జీఈవీ అంటాను, ఇది శక్తి కొలతే కానీ కణాల బరువుకీ ఇదే వాడతారు, ప్రోటాన్ బరువు 0.938 జీఈవీ అని గుర్తుపెట్టుకుంటే సైజు తెలుస్తుంది. లీటర్‌కి 300 జీఈవీ అయింది. కణం బరువు 100 జీఈవీ అనుకుంటే లీటర్‌కి మూడు కణాలు, అంతే. 70 లీటర్ల మనిషి ఒంట్లో ఏ క్షణం చూసినా ఒక 210. చాలా తక్కువనిపిస్తుంది కదా, కానీ అవి నిలబడి లేవు, సూర్యుడు మనల్ని వెంటేసుకుని గెలాక్సీ చుట్టూ సెకనుకి సుమారు 220 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు, కాబట్టి అవి మన మీదకి గాలిలా వస్తున్నట్టే. ఘన సెంటీమీటర్‌కి 0.003 కణాలు, వేగం 2.2 కోట్ల సెంటీమీటర్లు, రెండూ గుణిస్తే ప్రతి చదరపు సెంటీమీటర్‌లోంచి సెకనుకి 66,000. అరచెయ్యి 100 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, సెకనుకి 66 లక్షల కణాలు దూసుకుపోతున్నాయి. బరువు 10 జీఈవీ అయితే పది రెట్లు ఎక్కువ, 1000 అయితే పది రెట్లు తక్కువ. ముందు బరువు అడగమన్నది ఇందుకే, అది తెలీకుండా ఒక్క సంఖ్య కూడా రాయలేం. అదే సాంద్రతతో భూమి మొత్తం ఘనపరిమాణానికి లెక్కేస్తే భూమి లోపల ఏ క్షణమైనా ఉండే డార్క్ మ్యాటర్ సుమారు 580 గ్రాములు వస్తుంది. ఇది నేను మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్ళీ రెండుసార్లు వేశాను, మీరూ వేసి చూడండి, 1 జీఈవీ అంటే 1.78×10⁻²⁴ గ్రాములు, భూమి 1.08×10²⁷ ఘన సెంటీమీటర్లు.

డార్క్ మ్యాటర్‌కి ఉందని ఖచ్చితంగా తెలిసిన బలం ఒక్కటే, గురుత్వాకర్షణ. 1933లో జ్వికీ గెలాక్సీల గుంపు అయిన కోమా క్లస్టర్‌లో చూసిందీ, 1970ల్లో వెరా రూబిన్ గెలాక్సీల తిరుగుడులో కొలిచిందీ, 2006లో బుల్లెట్ క్లస్టర్‌లో తేలిందీ అన్నీ గురుత్వమే. బుల్లెట్ క్లస్టర్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే తగలకపోవడం కూడా అక్కడ కొలత అయింది. రెండు క్లస్టర్లు ఢీకొన్నప్పుడు వేడి గ్యాస్ ఒకదానికొకటి రాసుకుని మధ్యలో ఆగిపోయింది, బరువు మాత్రం గ్యాస్‌ని వదిలేసి ముందుకి వెళ్ళిపోయింది, దాన్ని వెనక గెలాక్సీల వెలుగు వంగిన తీరుతో పట్టుకున్నారు. దాన్నిబట్టి డార్క్ మ్యాటర్ తనతో తాను కూడా పెద్దగా ఢీకొనదు, గ్రాముకి సుమారు 1 చదరపు సెంటీమీటర్ కంటే తక్కువే అని హద్దు వచ్చింది. మరి యాంటీమ్యాటర్‌కి గురుత్వం మామూలుగానే ఉందా అంటే, 2023లో సెర్న్‌లోనే ఆల్ఫా జీ అనే ప్రయోగంలో యాంటీహైడ్రోజన్‌ని నిలువు గొట్టంలో వదిలి చూశారు, కిందకే పడింది. కాబట్టి గురుత్వం వరకు డార్క్ మ్యాటర్ రెండిటినీ ఒకేలా లాగుతుంది అనుకోవడం సబబు.

గురుత్వం కాకుండా ఇంకేదైనా బలం ఉందా అనేదే వెతుకులాట. దీన్ని చూడటానికి ఒక బొమ్మ గీయండి, ఇది నిజంగా గీసి చూడాల్సిందే, చదివితే రాదు. కాగితం మధ్యలో ఒక సున్నా చుట్టండి, దానికి ఎడమ వైపు రెండు గీతలు, కుడి వైపు రెండు గీతలు. ఎడమవి డార్క్ మ్యాటర్, కుడివి మామూలు కణాలు. సున్నాలో ఏముందో మనకి తెలీదు, తెలియాల్సిన అవసరమూ ఇప్పుడే లేదు. కాలం ఎడమ నుంచి కుడికి పోతోంది అనుకుని చదివితే రెండు డార్క్ మ్యాటర్ కణాలు కలిసి మాయమై మామూలు కణం ఒకటి, దాని యాంటీకణం ఒకటి పుట్టాయి. కాగితాన్ని పావు వంతు తిప్పి చదవండి, ఇప్పుడు ఒక డార్క్ మ్యాటర్ ఒక మామూలు కణం వచ్చాయి, గుద్దుకున్నాయి, అవే రెండూ బయటికి పోయాయి. ఇంకో పావు తిప్పితే రెండు మామూలు కణాలు ఢీకొని డార్క్ మ్యాటర్ జంట పుట్టింది. మూడూ ఒకటే బొమ్మ. మొదటి దాని కోసం ఆకాశం వైపు చూస్తారు, రెండో దాని కోసం భూమి లోపల డిటెక్టర్లు పెడతారు, మూడో దాని కోసం సెర్న్‌లోని భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్లు ఢీకొట్టి, ఒక పక్కకి పోయిన శక్తికి ఎదురుగా లెక్క సరిపోయేది ఏదీ కనపడకపోతే ఏదో కనపడనిది తప్పించుకుందని వెతుకుతారు, ఇప్పటిదాకా అలాంటిది ఏదీ తేలలేదు. బొమ్మలో ఇంకో సంగతి గమనించండి, గీతల మీద కణం పోయే వైపు బాణాలు వేసుకుని చూస్తే, తిప్పినప్పుడు ఒక గీత బాణం తిరగబడుతుంది, బాణం తిరగబడిన గీతే యాంటీకణం. అంటే యాంటీమ్యాటర్ ఈ కథలోకి బయట నుంచి వచ్చి చేరింది కాదు, మామూలు పదార్థాన్ని గుద్దగలిగిన డార్క్ మ్యాటర్‌కి యాంటీమ్యాటర్‌తోనూ సంబంధం ఉండి తీరాలి, అదే సున్నా కాబట్టి.

గుద్దుడు లెక్క వేద్దాం, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను ఎందుకంటే వార్తల్లో వచ్చేదాంట్లో సగం ఇదే. భూమి లోపలి డిటెక్టర్లలో టార్గెట్‌గా వాడే జెనాన్ కేంద్రకం బరువు సుమారు 122 జీఈవీ. 100 జీఈవీ డార్క్ మ్యాటర్ దాన్ని గుద్దితే కేంద్రకానికి ఎంత శక్తి అందుతుంది? ముందు రెడ్యూస్డ్ మాస్ తీయాలి, రెండు బరువుల్ని గుణించి వాటి మొత్తంతో భాగించడమే, 100×122 ని 222 తో భాగిస్తే 55. వేగాన్ని కాంతి వేగంలో వంతుగా రాస్తే 220 ని 3,00,000 తో భాగించి 0.00073. గరిష్ఠంగా అందే శక్తి అంటే 2 × 55 వర్గం × 0.00073 వర్గం ÷ 122. వేస్తే సుమారు 27 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, దంతాల ఎక్స్‌రేలో వాడే ఫోటాన్ల కోవలోది. ఇది కొలవగలిగిన శక్తే, ద్రవ జెనాన్‌లో చిన్న మెరుపు వస్తుంది, కొన్ని ఎలక్ట్రాన్లు ఊడతాయి, రెండూ పట్టుకుంటారు.

ఇప్పుడు అదే లెక్కలో డార్క్ మ్యాటర్ బరువు 1 జీఈవీ పెట్టండి. రెడ్యూస్డ్ మాస్ దాదాపు 1, జవాబు సుమారు 9 ఎలక్ట్రాన్ వోల్టులు. కిలో లేదు, ఉత్త 9. ఇనప గుండుని గోళీతో కొట్టినట్టు, గోళీ వెనక్కి పోతుంది గుండు కదలదు. ఆ కణం మోసుకొచ్చిన శక్తి 270 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంది, అందులో మూడు శాతమే అందింది. కాబట్టి జెనాన్‌లో ఏమీ కనపడలేదు అన్న వార్త చదివి డార్క్ మ్యాటర్ లేదంట అని అనేసుకోవద్దు, తేలికపాటి కణాలకి ఆ డిటెక్టర్ చెవిటిది. వాటికోసం కేంద్రకాన్ని వదిలేసి ఎలక్ట్రాన్‌ని గుద్దించాలి, సెన్సీ అనే ప్రయోగం సిలికాన్ చిప్పుల్లో ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఊడటాన్ని లెక్కపెడుతుంది, సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ని లేపడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కణానికి సగం × బరువు × వేగం వర్గం వేస్తే 2.7 వస్తుంది, సరిపోతుంది. 1 మెగా అయితే 0.27, సరిపోదు. ఎక్కడ గీత పడుతుందో మీకే కనిపించింది.

ఎన్నిసార్లు అనేదానికి ఒక్కటే సూత్రం, టార్గెట్ల సంఖ్య × క్రాస్ సెక్షన్ × ఫ్లక్స్. ఫ్లక్స్ అంటే చదరపు సెంటీమీటర్‌లోంచి సెకనుకి పోయే కణాలు, మనం తీశాం, 66,000. ఒక టన్ను జెనాన్‌లో పరమాణువులు 4.6×10²⁷. క్రాస్ సెక్షన్ అంటే గుద్దుకోవడానికి కనపడే విస్తీర్ణం అనుకోండి, వార్తల్లో ఒక్క ప్రోటాన్‌కో న్యూట్రాన్‌కో ఇస్తారు, 10⁻⁴⁷ చదరపు సెంటీమీటర్లు తీసుకుందాం. కేంద్రకానికి మార్చేటప్పుడు చాలామంది 131 తో గుణించి ఆగిపోతారు, అది తప్పు. మెల్లగా వచ్చే డార్క్ మ్యాటర్ అల పొడవు కేంద్రకం సైజుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అది లోపల ఉన్న 131 కణాల్ని విడివిడిగా చూడదు, అన్నీ కలిసి ఒక్కటిగా స్పందిస్తాయి, అందుకని 131 వర్గం, అంటే 17,161. దానిపైన రెడ్యూస్డ్ మాస్‌ల నిష్పత్తి వర్గం, జెనాన్‌తో వచ్చిన 55 ని ఒక్క ప్రోటాన్‌తో వచ్చే 0.93 తో భాగించి వర్గం చేస్తే సుమారు 3,500. రెండూ కలిపి 6 కోట్లు. భారీ కేంద్రకాలు ఎందుకు వాడతారో ఈ ఒక్క లైన్‌లో ఉంది. అన్నీ గుణించి ఏడాదికి ఉన్న 3.15 కోట్ల సెకన్లు పెడితే టన్నుకి ఏడాదికి సుమారు 6 గుద్దుళ్ళు. గట్టిగా గుద్దినప్పుడు కేంద్రకం మొత్తం ఒక్కటిగా స్పందించడం కొంత తగ్గుతుంది, అది తీసేస్తే ఇంకా తక్కువ.

దీన్ని నిజం ప్రయోగం పక్కన పెట్టండి. అమెరికాలో సౌత్ డకోటాలో పాత బంగారు గనిలో సుమారు కిలోమీటరున్నర లోతున ఎల్‌జెడ్ అనే డిటెక్టర్ ఉంది, 10 టన్నుల ద్రవ జెనాన్, 2024లో 4.2 టన్ను సంవత్సరాల (అంటే టన్నులు × ఏళ్ళు) డేటా బయటపెట్టారు. మన లెక్క ప్రకారం 10⁻⁴⁷ నిజమైతే 25 దాకా రావాలి, అనుమానం ఉన్నవాటిని ఏరి తీసేసినా కనపడేంత మిగలాలి. ఏమీ మిగల్లేదు. అందుకే 40 జీఈవీ దగ్గర క్రాస్ సెక్షన్ హద్దు 2.2×10⁻⁴⁸ కి దిగింది. ఇంకా కిందకి పోతే సూర్యుడి న్యూట్రినోలు వచ్చి అలాగే కేంద్రకాల్ని గుద్దుతాయి, 2024లోనే ఇటలీలోని జెనాన్ ఎన్‌టీ, చైనాలోని పాండాఎక్స్ 4టీ రెండూ వాటి జాడ మొదటిసారి చూశాయి. ఆ పొగమంచులో డార్క్ మ్యాటర్‌ని విడదీయడం చాలా కష్టమైపోతుంది.

ఎవరైనా దొరికింది అంటే చూడాల్సిన ఒక గుర్తు చెప్తా. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పోతుంది, జూన్ మొదట్లో ఆ వేగం కొంత సూర్యుడి వేగానికి కలిసొస్తుంది, డిసెంబర్‌లో తీసివేత అవుతుంది. కాబట్టి గుద్దుళ్ళు ఏడాదికోసారి కొంచెం పెరిగి కొంచెం తగ్గాలి. ఇటలీలో డామా అనే ప్రయోగం సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో సరిగ్గా అలాంటి ఎగుడుదిగుడే ఏళ్ళ తరబడి చూపించింది. కానీ అదే పదార్థంతో స్పెయిన్‌లో అనాయిస్, కొరియాలో కొసైన్ 100 చూస్తే వాటికి రాలేదు. ఒకే పదార్థం, ఒకే డార్క్ మ్యాటర్ గాలి, ఒక చోట వచ్చి రెండు చోట్ల రాకపోతే ఆ సిగ్నల్‌ని నేను డార్క్ మ్యాటర్ ఖాతాలో వెయ్యను.

బొమ్మని మళ్ళీ మొదటి వైపు తిప్పండి, డార్క్ మ్యాటర్ జంట మాయమై యాంటీమ్యాటర్ పుట్టే వైపు. విశ్వంలో ఇప్పుడు మిగిలినంత డార్క్ మ్యాటర్ మిగలాలంటే మొదట్లో అవి మాయమయ్యే రేటు ఇంత అని ఒక సంఖ్య ఉంది, సెకనుకి సుమారు 3×10⁻²⁶ ఘన సెంటీమీటర్లు. ఇంకా వేగంగా మాయమైతే తక్కువ మిగిలేది, మెల్లగా అయితే ఎక్కువ మిగిలేది. ఏ టెలిస్కోప్ వార్త చదివినా ఈ సంఖ్య పక్కన పెట్టి చూడండి. యాంటీమ్యాటర్‌నే ఎందుకు వెతుకుతారంటే ఆకాశంలో అది అరుదు, అరుదైన చోట కొంచెం ఎక్కువైనా కనపడుతుంది. 2008లో ఉపగ్రహం మీద ఉన్న పమేలా డిటెక్టర్, తర్వాత 2011లో స్పేస్ స్టేషన్‌కి బిగించిన ఏఎంఎస్ డిటెక్టర్, రెండూ 10 జీఈవీ దాటాక పాజిట్రాన్ల వాటా తగ్గాల్సింది పోయి పెరగడం చూశాయి. దొరికేసిందని చాలామంది సంబరపడ్డారు. కానీ పల్సార్లు, అంటే గిరగిరా తిరిగే చచ్చిపోయిన నక్షత్రాలు, కూడా పాజిట్రాన్లని చిమ్ముతాయి, 2017లో హాక్ అనే అబ్జర్వేటరీ జెమింగా పల్సార్ చుట్టూ ఆ కణాలు వెలిగించిన గామా కాంతిని చూసింది. కాబట్టి ఇలాంటి వార్తకి అడగాల్సింది ఒక్కటే, డార్క్ మ్యాటర్ కాకుండా ఇంకెవరు ఇది చెయ్యగలరు అని. ఆ లెక్కన నాకు ఎక్కువ ఆశ ఉన్నది యాంటీడ్యూటెరాన్ మీద, ఒక యాంటీప్రోటాన్ ఒక యాంటీన్యూట్రాన్ అతుక్కుని మెల్లగా వచ్చే కేంద్రకం. కాస్మిక్ కిరణాలు గ్యాస్‌ని గుద్ది దాన్ని పుట్టించినా అది వేగంగా వస్తుంది, మెల్లగా వచ్చేది దాదాపు పుట్టదు, నిలబడి ఉన్నట్టుండే డార్క్ మ్యాటర్ జంట నుంచి మాత్రం మెల్లగా రావొచ్చు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. డార్క్ మ్యాటర్ మ్యాటర్‌నీ యాంటీమ్యాటర్‌నీ వేరువేరుగా చూస్తుందా? గుద్దుడుతో తేల్చుకుందాం అంటే లెక్కే ఒప్పుకోదు. కోటి యాంటీప్రోటాన్లు బంధించి పెట్టుకున్నాం అనుకోండి, కోటి × 10⁻⁴⁷ × 66,000 వేస్తే సెకనుకి 6.6×10⁻³⁶. విశ్వం వయసు 4.4×10¹⁷ సెకన్లు, అంతసేపూ కూర్చున్నా ఒక్క గుద్దుడు పడే అవకాశం కోటి కోటిలో కూడా ఒకటి ఉండదు. అయినా ఒకవేళ పడినా అది జవాబు చెప్పదు. మధ్యలో బలం మోసేది స్కేలార్ రకం అయితే ప్రోటాన్‌ని లాగినట్టే యాంటీప్రోటాన్‌ని లాగుతుంది, ఫోటాన్ లాంటి వెక్టార్ రకం అయితే ఒకదాన్ని లాగితే ఇంకోదాన్ని తోస్తుంది, సైన్ మారిపోతుంది. కానీ గుద్దుకునే అవకాశం వచ్చేది దాని వర్గం నుంచి. ప్లస్ 3 వర్గం 9, మైనస్ 3 వర్గం కూడా 9. తేడా ఉన్నా చూపించదు.

వర్గం కాకుండా సూటిగా కనపడాలంటే డార్క్ మ్యాటర్ అలలా ఉండాలి. డార్క్ మ్యాటర్ అయ్యుండొచ్చని ఊహించిన యాక్సియాన్ రకం కణాలు అలాంటివే, బరువు ఎంత తక్కువంటే 10⁻⁵ ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకున్నా ఘన సెంటీమీటర్‌కి 30 లక్షల కోట్లు ఉండాలి. అన్ని ఉన్నప్పుడు ఒక్కొక్కటి గుద్దడం అనే మాటే ఉండదు, మొత్తం కలిసి ఒక అలలా ఊగుతూ ఉంటుంది. ఆ అలలో ఉన్న ప్రోటాన్‌కి బొంగరంలా సొంత తిరుగుడు ఉంటుంది, ఆ స్పిన్‌ని అది మెల్లగా అటూ ఇటూ తోస్తుంది. ఇక్కడ ఎఫెక్ట్ వర్గం కాదు, బలం ఎంత ఉంటే ఊపు అంత, ప్లస్ అయితే ఒక వైపు మైనస్ అయితే రెండో వైపు. పైగా కోటి కణాలు అక్కర్లేదు, ఒక్క యాంటీప్రోటాన్ ఉన్నా చాలు, దాని స్పిన్ తిరిగే వేగాన్ని బాగా సూక్ష్మంగా కొలవగలిగితే.

సెర్న్‌లో బేస్ అనే టీమ్ దగ్గర అదే ఉంది. 2 టెస్లాకి కాస్త తక్కువ అయస్కాంత క్షేత్రంలో, గడ్డకట్టే చలిలో, ఖాళీ గొట్టంలో యాంటీప్రోటాన్లని ఒకసారి 405 రోజులు ఆపి ఉంచారు. ఆ క్షేత్రంలో యాంటీప్రోటాన్ సెకనుకి సుమారు 3 కోట్లసార్లు గుండ్రంగా తిరుగుతుంది, దాని స్పిన్ 8 కోట్లసార్లకి పైన తిరుగుతుంది, రెండిటి నిష్పత్తి నుంచి అయస్కాంత గుణం 2017లో తొమ్మిది అంకెల దాకా కొలిచారు. తర్వాత అదే డేటాని తీసుకుని ఆ నిష్పత్తి కాలంతో పాటు ఏమైనా ఊగుతోందా అని చూశారు, 2019లో ఫలితం వచ్చింది, ఊపు కనపడలేదు. దాంతో యాక్సియాన్ యాంటీప్రోటాన్‌కి ఎంత బలంగా తగులుకోవచ్చు అనేదానికి ల్యాబులో నేరుగా వేసిన మొదటి హద్దు దొరికింది, అంతకుముందు ఖగోళం నుంచి తీసిన హద్దు కంటే లక్ష రెట్ల దాకా మెరుగు. మామూలు ప్రోటాన్‌కి ఎన్నో హద్దులు ఉన్నాయి, యాంటీప్రోటాన్‌కి విడిగా కొలవాలని అనుకోవడమే ఇందులో నాకు నచ్చిన సంగతి, రెండూ ఒకటే అయ్యుంటాయిలే అని వదిలెయ్యలేదు.

వాళ్ళు వెతికిన బరువులు 2×10⁻²³ నుంచి 4×10⁻¹⁷ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా. ఈ సంఖ్యలు ఎక్కడివో మీరే తీయొచ్చు. 4.14×10⁻¹⁵ ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో బరువుతో భాగించండి, ఒక ఊపుకి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. 4×10⁻¹⁷ పెడితే 103 సెకన్లు. 10⁻²² పెడితే 4.14 కోట్ల సెకన్లు, దాదాపు ఏడాది నాలుగు నెలలు. 2×10⁻²³ పెడితే ఆరున్నర ఏళ్ళు, అంత మెల్లగా ఊగేదాంట్లో వాళ్ళ డేటాకి అందేది ఒక ముక్కే. ఇప్పుడు పైన అనుకున్న 10⁻⁵ పెట్టండి, సెకనుకి రెండు వందల కోట్లకి పైన ఊపులు వస్తాయి, అది రేడియో తరంగాల కోవ, దానికి యాంటీప్రోటాన్ ట్రాప్ పనికిరాదు, గట్టి అయస్కాంతం లోపల ఒక లోహపు డబ్బా పెట్టి యాక్సియాన్ ఫోటాన్‌గా మారుతుందేమో అని ట్యూన్ చేస్తూ వినాలి, వాషింగ్టన్ యూనివర్సిటీలో ఏడీఎమ్‌ఎక్స్ వాళ్ళు చేసేది అదే పద్ధతి. కాబట్టి యాంటీమ్యాటర్‌తో డార్క్ మ్యాటర్ తగులుకోవట్లేదంట అనే వార్త ఈసారి కనపడితే అందులో బరువు ఎంత రాశారో వెతికి ఆ ఒక్క భాగహారం చెయ్యండి, మీరు అనుకునే కణం ఊపు ఆ 103 సెకన్లకీ ఆరున్నర ఏళ్ళకీ మధ్య పడకపోతే ఆ రిజల్ట్ దాని గురించి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.